పేటెంటు వివాదములలో మాటకు అర్థము

మన ఇంటి రేడియో పెట్టె వెనుక మూత తీసి చూచినచో, తీగెలు కలిసిన చోటులందు వెండివలె మెరయు చిన్న చిన్న బొట్లు కనబడును. అవి టంకపు బొట్లు. మెకానిక్కులు ఆ పనిని సోల్డరింగు అందురు. నగల పని చేయు కంసాలులు దానినే మాటు వేయుట అందురు. కంసాలి వెలిగారము చల్లి, గొట్టముతో ఊది, రెండు బంగారు ముక్కలను ఒకటి చేయును. రేడియో మెకానిక్కు సీసము, తగరము కలిసిన తీగెను కరగించి రెండు రాగి తీగెలను ఒకటి చేయును. చూచుటకు ఇది చిన్న పని. కాని ఆ బొట్టులో ఏ లోహము ఎంత పాలు ఉండవలెనను సంగతిపై పెక్కు దేశములలో పేటెంట్లు కలవు. అవి న్యాయస్థానముల కెక్కిన సందర్భములును కలవు.

అట్టి వ్యాజ్యము అప్పీలుకు వచ్చినపుడు న్యాయమూర్తుల ఎదుట నిలుచు మొదటి ప్రశ్న లోహమును గురించినది కాదు, మాటను గురించినది. పేటెంటు పత్రములో ఫలానా మాట వాడినారు. ఆ మాటకు అర్థమేమి? ఆ అర్థము ఎంతవరకు సాగును? ఎక్కడ ఆగును? ఈ ప్రశ్నకు వచ్చు జవాబును బట్టియే ఒక కార్ఖానాలో తయారైన సరుకు బజారుకు పోవుటయో, గోదాములో నిలిచిపోవుటయో జరుగును. ఒక మందు ధర దిగుటయో, దిగకుండుటయో జరుగును. కనుక ఇది వకీళ్లకును లోహశాస్త్రజ్ఞులకును మాత్రమే చెందిన సంగతి కాదు. పటాన్‌చెరువు, బొల్లారము మొదలగు పారిశ్రామిక వాడలలో పనిచేయు కుటుంబములకును, మందుల దుకాణము ముందు చీటీ పట్టుకొని నిలబడిన రోగికిని చెందినది.

పేటెంటు అనగా ప్రభుత్వమునకును నూతన కల్పన చేసినవానికిని నడుమ కుదిరిన ఒక ఒప్పందము. కల్పన చేసినవాడు తన విద్యను దాచుకొనక, ఇతరులు చదివి చేయగలిగినంత స్పష్టముగా వ్రాసి లోకమున కియ్యవలెను. అందుకు బదులుగా, దరఖాస్తు తేదీ మొదలు 20 సంవత్సరముల పాటు ఇతరులు ఆ పని చేయకుండ అడ్డగించు హక్కును ప్రభుత్వము అతనికి ఇచ్చును. అతడు దాఖలు చేయు పత్రములో ముఖ్యముగా రెండు భాగములుండును. మొదటిది వివరణ. రెండవది క్లెయిములు, అనగా తాను కోరుచున్న హక్కుల పట్టిక. మన దేశపు 1970 నాటి పేటెంట్ల చట్టము, పదవ సెక్షనులో, కల్పన యొక్క పరిధిని తెలుపు క్లెయిములతో ఆ పత్రము ముగియవలెననియు, ఆ క్లెయిములు స్పష్టముగాను క్లుప్తముగాను ఉండవలెననియు నిర్దేశించినది.

పొలము అమ్మునపుడు దస్తావేజులో చెక్కుబందీ వ్రాయుట మన కందరికిని తెలిసినదే. తూర్పున ఫలానావారి పొలము, పడమట కాలువ, ఉత్తరమున బాట అని నాలుగు హద్దులు వ్రాయుదురు. పొలములో ఏమేమి పండునో ఎంత వర్ణించినను, కొన్నవానికి దక్కునది ఆ నాలుగు హద్దుల నడిమి భూమియే. పేటెంటులో క్లెయిము ఆ చెక్కుబందీ వంటిది. పటాన్‌చెరువు మండలములో లక్డారము అను గ్రామము కలదు. అది రాతి క్వారీల ప్రదేశము. అక్కడ ఒక క్వారీకిని మరియొక క్వారీకిని నడుమ రాయి నాటినచో అది పోవువారి కందరికిని కనబడును. మాటలతో నాటిన హద్దురాయి అట్లు కనబడదు. చదువు వానిని బట్టి అది ఒక అడుగు ఇటో అటో జరుగుచున్నట్లు తోచును. చిక్కంతయు అక్కడనే ఉన్నది.

ఉదాహరణమునకు మరల టంకము కడకే పోదము. సీసము, తగరము కలిసిన పాత టంకము 183 డిగ్రీల వేడికి కరగును. పనికి మిక్కిలి అనుకూలమైనది. కాని సీసము విషపదార్థము. పారవేసిన యంత్రముల నుండి అది మట్టిలోనికి, నీటిలోనికి చేరునను భయము వలన, ఐరోపా సమాఖ్య 2006 జూలై 1 నుండి విద్యుత్ పరికరములలో సీసమును నూటికి 0.1 పాలునకు మించనీయరాదని కట్టడి చేసెను. మన దేశములో అటువంటి నియమము 2014లో అమలునకు వచ్చెను. అందుచేత తగరము, వెండి, రాగి కలిపిన కొత్త టంకములు వాడుకలోనికి వచ్చినవి. అవి కరగుటకు 217 డిగ్రీల వరకు వేడి కావలెను.

ఇప్పుడు ఒకడు ఇట్టి క్లెయిము వ్రాసెననుకొందము: "సీసము లేనిదియు, 3 మొదలు 4 శాతము వరకు వెండియు, సుమారు 0.5 శాతము రాగియు గలిగి, మిగిలిన పాలు తగరమైనదియు అగు టంకము." చదువుటకు సులభముగానే ఉన్నది. పోటీదారుని కార్ఖానా సరుకును దీనితో పోల్చి చూచునపుడు కష్టము మొదలగును.

పోటీదారుని టంకములో 0.05 శాతము సీసము ఉన్నది. అతడు దానిని కలుపలేదు. తగరముతో పాటు సహజముగా వచ్చినది. అతని టంకము "సీసము లేనిది" అగునా, కాదా? నిఘంటువు తెరచి చూచువాడు, చుక్క ఉన్నను ఉన్నట్లే కదా అనును. ఆ వృత్తిలోని వాడు, కావలెనని కలుపనిదియు, నియమిత పరిమితికి లోబడినదియు సీసము లేనిదే అనును. ఇక రాగి సంగతి. అతని సరుకులో రాగి 0.7 శాతము. "సుమారు 0.5" అనునది 0.7 వరకు సాగునా? వివరణలో, రాగి 0.6 దాటినచో అతుకు పెళుసెక్కునని వ్రాసియున్నచో, సాగదనియే చెప్పవలెను. ఒక శాతము వరకు గుణము మారదని వ్రాసియున్నచో, సాగునని వాదించుటకు వీలుండును. మూడవది, అతడు కొంచెము నికెలు కూడ కలిపినాడు. క్లెయిములోని "గలిగి" అను మాటకు, ఇవి ఉండవలెను, వేరేవి ఉన్నను ఉండవచ్చును అని అర్థమా? లేక ఇవి మాత్రమే ఉండవలెనని అర్థమా? ఈ ఒక్క క్రియాపదముపై పాశ్చాత్య న్యాయస్థానములలో ఎన్నో తీర్పులు వెలువడినవి.

నాల్గవ చిక్కు మరింత సూక్ష్మమైనది. రీలుకు చుట్టిన టంకపు తీగెలో రాగి 0.3 శాతమే ఉండవచ్చును. దానిని రాగి పలకపై కరగించినపుడు, పలకలోని రాగి కొంత టంకములో కరగి చేరును. చల్లారిన బొట్టును కొలిచినచో 0.5 శాతము తేలవచ్చును. క్లెయిములోని "టంకము" అను మాట రీలులోని తీగెయా, చల్లారిన బొట్టా? తీగె అయినచో పోటీదారుడు హద్దు వెలుపల ఉన్నాడు. బొట్టు అయినచో లోపల ఉన్నాడు. ప్రయోగశాలలో ఎంత నిశితముగా తూచినను ఈ ప్రశ్నకు జవాబు రాదు. పత్రమును చదివియే జవాబు చెప్పవలెను.

మరి న్యాయమూర్తులు ఎట్లు చదువుదురు? ఇందుకు కాలక్రమమున కొన్ని పద్ధతులు ఏర్పడినవి. మన సుప్రీం కోర్టు 1978లో, ఇత్తడి పాత్రలను తరిమెన పట్టునపుడు పట్టియుంచు సాధనమును గురించిన ఒక వ్యాజ్యములో, క్లెయిమును ముందు చదివి వివరణను తరువాత చూచుట సరియైన దారి కాదనియు, ముందు వివరణను చదివి, మనస్సును సిద్ధపరచుకొని, పిమ్మట క్లెయిమునకు రావలెననియు చెప్పెను. విశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ వర్సెస్ హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ అని ఆ వ్యాజ్యమునకు పేరు. రెండవ పద్ధతి, మాటను ఆ వృత్తిలో ఆరితేరినవాడు దరఖాస్తు నాటికి ఎట్లు గ్రహించునో అట్లు గ్రహించుట. కంసాలి పత్రమును కంసాలి కన్నుతోను, రసాయనజ్ఞుని పత్రమును రసాయనజ్ఞుని కన్నుతోను చదువవలెను. మూడవ పద్ధతి, పత్రము వ్రాసినవాడు ఆ మాటను ఏ ప్రయోజనము కొరకు వాడెనో ఆలోచించుట.

ఈ మూడవ పద్ధతికి ఇంగ్లండులోని కాట్నిక్ వ్యాజ్యము పేరెన్నిక గన్నది. గుమ్మములపై వేయు ఉక్కు దూలమునకు చెందిన పేటెంటులో, వెనుకవైపు పలక "నిలువుగా" ఉండవలెనని క్లెయిము. పోటీదారుడు దానిని 6 డిగ్రీలు, మరియొక నమూనాలో 8 డిగ్రీలు వాల్చి, నాది నిలువు కాదనెను. 1980లో ప్రభువుల సభ ఆ వాదమును అంగీకరింపలేదు. గోడ కట్టు మేస్త్రీ దృష్టిలో నిలువు అనగా బరువు మోయుటకు తగినంత నిలువు అనియే గాని, రేఖాగణితపు నిలువు కాదని లార్డ్ డిప్లాక్ నిర్ణయించెను. ఈ తీర్పులో ఒక వివేకము కలదు. అయితే ఒక అపాయమును కలదు. ప్రయోజనమను పేరుతో మాటను సాగదీయుచు పోయినచో, వ్రాసిన హద్దునకు విలువ యేమి? దానిని నమ్మి, హద్దు వెలుపల కార్ఖానా కట్టుకొన్నవాని గతి యేమి?

ఈ ప్రశ్న మన ప్రాంతమునకు ఎంత దగ్గరదో తెలియుటకు కొంత పూర్వచరిత్ర అవసరము. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, పేటెంటు చట్టము దేశమునకు ఎట్లుండవలెనో పరిశీలించి, జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో నివేదిక సమర్పించిరి. ఆ ఆలోచనల ఫలితముగా వచ్చిన 1970 నాటి చట్టము 1972 ఏప్రిల్ 20 నుండి అమలైనది. మందు పదార్థమునకు పేటెంటు లేదు, మందు తయారు చేయు విధానమునకు మాత్రమే పేటెంటు, అదియు ఏడేండ్లకు మించదు అని ఆ చట్టము విధించెను. వేరు విధానమున అదే మందును చేయుట ధర్మసమ్మతమైనది. బాలానగరులోని ఐ.డి.పి.ఎల్. కార్ఖానాలో పని నేర్చిన రసాయనజ్ఞులు ఈ అవకాశమును చక్కగా అందుకొనిరి. అక్కడ పనిచేసిన డాక్టర్ కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. బొల్లారము, పటాన్‌చెరువు వాడలలో మందుల ముడిపదార్థములు చేయు కార్ఖానాలు ఒకదాని వెంట ఒకటి వెలసినవి. 2005 జనవరి 1 నుండి మందు పదార్థమునకే పేటెంటు ఇచ్చు పద్ధతి మరల వచ్చెను. అంతకు ముందే ఈ సంస్థలు అమెరికా, ఐరోపా బజారులలో ప్రవేశించియుండెను. అక్కడి పత్రములలోని ఒక్కొక్క మాటను తూచి చూచి నడువవలసిన అవసరము అప్పుడే కలిగినది.

అట్టి తూకములలో ఒకటి పెమెట్రెక్సెడ్ అను మందును గురించినది. ఊపిరితిత్తుల క్యాన్సరులో వాడు ఈ మందును ఎలై లిల్లీ సంస్థ అలిమ్టా అను పేరుతో 2004 నుండి అమెరికాలో అమ్మెను. ఆ మందు శరీరములో విటమినుల పనిని అడ్డుకొనును గనుక దుష్ఫలితములు తీవ్రముగా నుండెడివి. ముందుగా ఫోలిక్ ఆమ్లమును, విటమిన్ బి12ను ఇచ్చి, పిమ్మట మందు నిచ్చినచో ఆ బాధ తగ్గునని కనుగొని, ఆ చికిత్సా పద్ధతికి లిల్లీ సంస్థ వేరొక పేటెంటు పొందెను. మూలపదార్థము యొక్క పేటెంటు అమెరికాలో 2017లో ముగిసినను, ఈ రెండవ పేటెంటు వలన 2022 వరకు రక్షణ కలదు. వివాదము ఆ అయిదేండ్ల బజారును గురించినది.

రెండవ పేటెంటు క్లెయిములో వాడిన మాట "పెమెట్రెక్సెడ్ డైసోడియము". అనగా పెమెట్రెక్సెడ్ ఆమ్లము సోడియముతో కలిసిన లవణము. డాక్టర్ రెడ్డీస్ వారు తయారు చేయదలచినది పెమెట్రెక్సెడ్ డైట్రోమెథమైను. అదియు లవణమే, అయితే సోడియమునకు మారుగా ట్రోమెథమైను అను పదార్థము తోడుగా నున్నది. ఇక్కడ రసాయనశాస్త్రము కొంచెము చెప్పవలెను. మనము తిను ఉప్పును నీటిలో వేసినచో కరగిపోయి, సోడియము ఒక దారిని, క్లోరిను ఒక దారిని విడివడి తిరుగును. ఈ మందు లవణములును అట్లే. నీటిలో కరగించి నరములోనికి ఎక్కించునప్పటికి పెమెట్రెక్సెడ్ తన తోడును విడిచియుండును. రోగి శరీరములో పనిచేయునది పెమెట్రెక్సెడ్ ఒక్కటే. తోడు సోడియమైనను, ట్రోమెథమైనైనను వైద్యమునకు భేదము లేదు. మరి హద్దునకు భేదము కలదా?

హైదరాబాదు సంస్థ వారి వాదము బలమైనది. లిల్లీ సంస్థ దరఖాస్తులో మొదట వ్రాసిన మాట "యాంటీఫోలేటు". అది ఒక పెద్ద కుటుంబము పేరు. అందులో పెమెట్రెక్సెడ్ ఒక సభ్యుడు మాత్రమే. మెథోట్రెక్సేటు అను మరియొక సభ్యునితో చేసిన ప్రయోగములు పాత శాస్త్రవ్యాసములో కలవు గనుక ఇది కొత్తది కాదని పేటెంటు పరీక్షకుడు త్రోసిపుచ్చెను. అప్పుడు లిల్లీ వారు ఆ మాటను కొట్టివేసి "పెమెట్రెక్సెడ్ డైసోడియము" అని సవరించిరి. "పెమెట్రెక్సెడ్" అని మాత్రమే వ్రాసియుండవచ్చును. "పెమెట్రెక్సెడ్ లవణములు" అని వ్రాసియుండవచ్చును. వ్రాయలేదు. పేటెంటు పొందుటకై విడిచిన భూమిని, పేటెంటు చేతికి వచ్చిన పిమ్మట నాదేయనుట న్యాయమా? ఇది వారి ప్రశ్న. అమెరికా సుప్రీం కోర్టు 2002లో ఫెస్టో వ్యాజ్యమున చెప్పిన సూత్రము కూడ సాధారణముగా ఇట్టిదే. సవరణ ద్వారా విడిచినదానిని సమానవస్తువను పేరుతో మరల పట్టుకొనరాదు. అయితే ఆ సూత్రమునకు కొన్ని మినహాయింపులు కలవు. వానిలో ఒకటి: సవరణకు కారణమైన సంగతికిని, ఇప్పుడు వివాదములోనున్న వస్తువునకును దూరపు సంబంధమే ఉన్నచో, ఆ నిషేధము వర్తింపదు.

ఇండియానా జిల్లా న్యాయస్థానములో ఓడిన డాక్టర్ రెడ్డీస్ వారు వాషింగ్టనులోని ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానమునకు పోయిరి. అటువంటి వస్తువుతోనే హాస్పిరా అను మరియొక సంస్థయు అప్పీలు చేసెను. 2019 ఆగస్టు 9న తీర్పు వచ్చెను. అందులో రెండు మెట్లు కలవు. మొదటి మెట్టు, మాటకు నేరు అర్థము. సోడియము గల సెలైను నీటిలో ట్రోమెథమైను లవణమును కలిపినంత మాత్రమున అది డైసోడియము లవణమై పోదని న్యాయస్థానము స్పష్టముగా చెప్పి, హాస్పిరా విషయమున క్రింది కోర్టు నేరు ఉల్లంఘన యని ఇచ్చిన నిర్ణయమును త్రోసివేసెను. అనగా, మాటను మాటగా చదివినంతవరకు, ప్రతివాదులు హద్దునకు వెలుపలనే ఉన్నారు. రెండవ మెట్టు, సమానవస్తువు సూత్రము. ఇక్కడ తీర్పు తిరుగబడెను. పరీక్షకుడు చూపిన ఆక్షేపణ మెథోట్రెక్సేటు వంటి వేరు మందులను గురించినది; పెమెట్రెక్సెడ్ యొక్క ఏ లవణము అన్న ప్రశ్న అప్పుడు పుట్టనే లేదు; కనుక లిల్లీ వారు వేరు మందులను విడిచిరే గాని, ఈ మందు యొక్క వేరు లవణములను విడిచినట్లు కాదు అని న్యాయస్థానము తలచెను. ఆ సవరణ నేర్పుగా వ్రాసినది కాకపోవచ్చునని తానే సూచించుచు, అయినను పేటెంటుదారు పక్షముననే తీర్పు చెప్పెను.

దీనికి రెండేండ్ల ముందు, 2017 జూలై 12న, ఇదే మందుపై ఇంగ్లండు సుప్రీం కోర్టు కూడ ఇటువంటి నిర్ణయమునకే వచ్చెను. అక్కడ ప్రతివాది యాక్టావిస్ సంస్థ. 2014లో మొదటి న్యాయమూర్తి, డైసోడియము అనగా డైసోడియమే అని యాక్టావిస్ పక్షమున చెప్పెను. పై కోర్టు మార్గమధ్యమున నిలిచెను. సుప్రీం కోర్టులో లార్డ్ న్యూబర్గర్, మాటకు అర్థము చెప్పుట ఒక ప్రశ్న, స్వల్ప భేదము గల వస్తువును కూడ అడ్డవచ్చునా యనుట వేరొక ప్రశ్న అని విడదీసి, ఉల్లంఘన జరిగినదని తేల్చెను. ఒకే పత్రము, ఒకే మాట. చదువరులైన న్యాయమూర్తులే మెట్టుమెట్టునకు వేరు వేరుగా చదివిరి. మాటతో నాటిన హద్దురాయి జరుగునని చెప్పుటకు ఇంతకంటె తార్కాణమేల?

ఇప్పుడు నాణెమునకు రెండవ వైపు చూడవలెను. అదియు హైదరాబాదు సంస్థకు చెందినదే, అదియు లవణమును గురించినదే. ఇమాటినిబ్ అను రక్తక్యాన్సరు మందును నొవార్టిస్ సంస్థ గ్లివెక్ పేరుతో అమ్మెను. ఇమాటినిబ్‌ను గురించిన మొదటి పేటెంటు జిమ్మర్మన్ అను శాస్త్రజ్ఞుని పేర ప్రసిద్ధము. పిమ్మట, ఇమాటినిబ్ మెసిలేటు అను లవణము యొక్క బీటా స్ఫటిక రూపమునకు పేటెంటు కావలెనని నొవార్టిస్ వారు 1998లో చెన్నై కార్యాలయమున దరఖాస్తు పెట్టిరి. గ్లివెక్‌కు నెలకు లక్షా ఇరువది వేల రూపాయలు పట్టుచుండగా, మన దేశపు సంస్థల మందు అందులో పదవ వంతునకు లోపుననే దొరకుచుండెను. అభ్యంతరము తెలిపిన వారిలో హైదరాబాదు నాట్కో ఫార్మా యొకటి. క్యాన్సరు రోగుల సంఘమును ఉండెను. 2006లో దరఖాస్తు తిరస్కృతమై, వ్యాజ్యము తుదకు సుప్రీం కోర్టునకు చేరెను.

అక్కడ నొవార్టిస్ వారు, జిమ్మర్మన్ పేటెంటు ఇమాటినిబ్‌ను మాత్రమే వెల్లడించినది, మెసిలేటు లవణమును వెల్లడింపలేదు, కాబట్టి లవణమును, దాని స్ఫటికమును కొత్త కల్పనలు అని వాదించిరి. అప్పుడు ఒక పాత ఉత్తరము బయటికి వచ్చెను. 2004లో నాట్కో సంస్థ వీనాట్ అను పేరుతో ఇమాటినిబ్ మెసిలేటును ఇంగ్లండులో అమ్మబోగా, నొవార్టిస్ తరపు వకీళ్లు నోటీసు పంపి, జిమ్మర్మన్ పేటెంటు మెసిలేటు లవణమునకు కూడ వర్తించును గనుక అమ్మకము ఆపవలెనని కోరియుండిరి. ఇతరుని అడ్డుటకు పొలము విశాలము. కొత్త పట్టా కోరుటకు అదే పొలము ఇరుకు! జస్టిస్ అఫ్తాబ్ ఆలం, జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయి గార్లు 2013 ఏప్రిల్ 1న ఇచ్చిన తీర్పులో ఈ నోటీసును ప్రస్తావించి, మెసిలేటు లవణము జిమ్మర్మన్ పేటెంటులోనిదే యని తేల్చిరి. స్ఫటిక రూపము విషయమున, తెలిసిన పదార్థపు కొత్త రూపమునకు చికిత్సలో అధిక ఫలము చూపనిదే పేటెంటు ఇయ్యరాదను 3(డి) సెక్షనును అన్వయించి, దరఖాస్తును త్రోసివేసిరి. పేటెంటు కప్పుకొను భూమికిని, అది లోకమునకు వెల్లడించిన విద్యకును నడుమ పెద్ద అంతరము ఉండునట్లు ఈ దేశపు చట్టము పెరుగుట తమకు సమ్మతము కాదని కూడ చెప్పిరి.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి ఆలోచించినచో ఒక సంగతి తోచును. పెమెట్రెక్సెడ్ వ్యాజ్యములో లవణము పేరు మారినను హద్దు లోపలనే ఉన్నావని మన సంస్థకు చెప్పిరి. ఇమాటినిబ్ వ్యాజ్యములో లవణము పేరు చెప్పి కొత్త హద్దు గీయరాదని పేటెంటుదారునకు చెప్పిరి. రెండింటికిని మూలమున ఉన్న రసాయనశాస్త్రము ఒకటే: లవణమునకు తోడు ముఖ్యము కాదు, పనిచేయు అణువు ముఖ్యము. అయినచో ఆ న్యాయము ఉభయులకును సమానముగా వర్తింపవలెను. తోడు మారినంత మాత్రమున పోటీదారుడు తప్పించుకొనలేడనినచో, తోడు మారినంత మాత్రమున పేటెంటుదారుడు మరి యిరువది ఏండ్లు గడించుకొనను లేడు. మాటను ఎంత పొడుగున కొలిచినను అదే కొలబద్ద రెండు చేతులలోను ఉండవలెనని నా మనవి. మన సుప్రీం కోర్టు తీర్పులో ఈ కొలబద్ద స్పష్టముగా కనబడుచున్నది. పెమెట్రెక్సెడ్ తీర్పును గురించి మాత్రము రెండభిప్రాయములకు తావు కలదు. వైద్యదృష్టిలో అది సమంజసమే. కాని దరఖాస్తుదారుడు తన చేతితో "డైసోడియము" అని వ్రాసినపుడు, దూరదేశమున కూర్చుండి ఆ మాటను నమ్మి, ధనము, శ్రమ వెచ్చించి వేరు లవణమును సాధించిన వానికి ఆ నమ్మకము కాపాడబడలేదు. వ్రాతలో నేర్పు తక్కువైన వాని నష్టము చదివినవానిపై పడుట అంత మంచి నీతి కాదు.

మన పారిశ్రామిక వాడలలోని చిన్న కార్ఖానాదారులకు దీనినుండి గ్రహించదగిన సంగతులు కొన్ని కలవు. ఏదేని కొత్త సరుకు చేయదలచినపుడు, మార్కెట్టులోని వస్తువును మాత్రమే చూచి పోల్చుకొన్నచో చాలదు. న్యాయస్థానము పోల్చునది వస్తువును వస్తువుతో కాదు, వస్తువును క్లెయిముతో. ఢిల్లీ హైకోర్టు 2015లో రోష్, సిప్లా సంస్థల వ్యాజ్యమున దీనినే చెప్పెను. కాబట్టి క్లెయిమును చదువవలెను. క్లెయిమును చదివిన పిమ్మట వివరణను, అంతకంటె ముఖ్యముగా దరఖాస్తుపై పరీక్షకునికిని దరఖాస్తుదారునకును నడచిన ఉత్తర ప్రత్యుత్తరములను తెప్పించి చూడవలెను. ఏ మాటను ఎందుకు కొట్టివేసినారో అక్కడ తెలియును. అవి నేడు చాలవరకు ఎవరైన చూచుటకు వీలుగా ఉన్నవి.

తామే పేటెంటు కోరువారికి మరియొక జాగ్రత్త. పనివాడు తన పనిని ఎరుగును గాని మాటను ఎరుగడు. వ్రాతగాడు మాటను ఎరుగును గాని పనిని ఎరుగడు. టంకము చేయువాడు రీలులోని తీగెను గురించి చెప్పుచున్నాడో, చల్లారిన అతుకును గురించి చెప్పుచున్నాడో వ్రాయించునపుడే తేల్చుకొనవలెను. "సుమారు" అను మాట వాడినచో ఎంతవరకు సుమారో వివరణలో చెప్పవలెను. మన చట్టములో ఒకసారి దాఖలైన పత్రమును సవరించుటకు స్వల్పమైన వీలే కలదు. 59వ సెక్షను ప్రకారము హక్కును తగ్గించుకొనుటకు, తప్పు దిద్దుటకు, వివరించుటకు తప్ప, విస్తరించుటకు వీలు లేదు. తెలంగాణము, ఆంధ్రప్రదేశము వారి దరఖాస్తులు చెన్నై కార్యాలయమునకు పోవును. అక్కడి నిర్ణయముపై అప్పీళ్లు వినుచుండిన ప్రత్యేక బోర్డు 2021లో రద్దయిన పిమ్మట, అవి హైకోర్టులకే పోవుచున్నవి. అప్పీలు దాక పోయిన పిమ్మట విచారించుటకంటె, దరఖాస్తు దినముననే ఒక పూట ఎక్కువ కూర్చుండి మాటలు సరిచూచుకొనుట మేలు.

ఇక వినియోగదారులమైన మన సంగతి. మందు ధర ఎందుకు తగ్గినది, ఎందుకు తగ్గలేదు అని మనము దుకాణదారుని అడుగుదుము. జవాబు అతని కడ ఉండదు. అది చాలమారులు ఎక్కడనో ఒక పత్రములో, ఒక చిన్న మాటలో దాగియుండును. ఆ మాటకు అర్థము చెప్పువారు న్యాయమూర్తులే అయినను, పేటెంటు కార్యాలయమున అభ్యంతరము పెట్టు హక్కు మన చట్టము వ్యాపారులకే గాక ఎవరికైనను ఇచ్చినది. పేటెంటు మంజూరు కాకముందు ఏ వ్యక్తియైనను అభ్యంతరము తెలుపవచ్చునని 25వ సెక్షను చెప్పుచున్నది. ఇమాటినిబ్ విషయమున రోగుల సంఘము ఆ హక్కును వాడుకొనెను. అట్టి హక్కు ఒకటి కలదని తెలిసియుండుట కూడ ఒక అండయే.